తువ్వాలు కింద పెద్ద బేరం

గున్నమ్మ టీచర్ ఏ ప్రశ్నకీ నోటితో జవాబు చెప్పనివ్వదు. జవాబు ఏదైనా సరే, తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్ళతో చెప్పాల్సిందే. నోరు తెరిచి చెబితే అది ఎంత సరైన జవాబైనా ఆవిడ చెవికి ఎక్కదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది, ఎవరో ఎక్కడో దగ్గినట్టు.

భావనపాడుకి కాస్త ఇవతల ఉన్న హైస్కూల్లో ఆవిడ లెక్కల టీచరు. నేత చీర, బిగించి చుట్టిన ముడి, చేతికి మగవాళ్ళ గడియారం, పైట మీద అడ్డంగా వేసుకున్న ఎర్రగళ్ళ తువ్వాలు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చిన రోజులున్నాయి. తువ్వాలు మరిచిపోయి వచ్చిన రోజు మాత్రం లేదు. స్కూల్లో చేరిన మొదటి రోజు ఆవిణ్ణి చూసి హెడ్మాస్టరు నరసింగరావు గారు, పాపం మంచి మనిషి, స్నానానికి నీళ్ళేమైనా కావాలేమోనని అటెండర్ని పంపించారట.

ఈ తువ్వాలు వాళ్ళ నాన్న ఎర్రన్న నుంచి వచ్చింది. ఆయన ఆమదాలవలస అవతల ఓ పల్లెలో పశువుల బేరగాడు. సంతలో ఎద్దు ధర ఎవరూ పైకి చెప్పరు. కొనేవాడూ అమ్మేవాడూ ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, లోపల వేళ్ళు పట్టుకుని ధర మాట్లాడుకుంటారు. చుట్టూ వందమంది నిలబడి చూస్తున్నా ఎవడు ఎంత అడిగాడో, ఎవడు ఎంతకి దిగాడో ఎవరికీ తెలీదు. బేరం చెడినా ఎవరి పరువూ పోదు. గున్నమ్మ చిన్నప్పుడు నాన్న వెనకాలే సంతలు తిరిగి అంకెలు నేర్చుకుంది. అందుకని అంకెలంటే తువ్వాలు కిందే పుడతాయని ఆవిడకి గట్టి నమ్మకం.

తరగతిలో పద్ధతి ఇదీ. బోర్డు మీద ప్రశ్న రాసి, కింద ఎ, బి, సి, డి అని నాలుగు జవాబులు రాస్తుంది. తర్వాత బెంచీల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి ముందూ తువ్వాలు కప్పిన చెయ్యి చాపుతుంది. లోపల చెయ్యి పెట్టి ఆవిడ చూపుడువేలు పట్టుకుంటే ఎ, నడిమి వేలైతే బి, ఉంగరం వేలు సి, చిటికెన వేలు డి. ఏదీ తెలీకపోతే బొటనవేలు.

వేలు పట్టుకున్నాక తీర్పు మాత్రం పైకే చెబుతుంది. జవాబు సరిపోతే, 'బేరం కుదిరింది' అని ముందుకి కదులుతుంది. తప్పయితే, 'రేటు కుదర్లేదు, సంతంతా తిరిగి రా' అంటుంది. అంటే పాఠం మళ్ళీ మొదటినుంచి చూసుకురమ్మని. అప్పుడప్పుడూ మూడోది జరుగుతుంది. ఎవరో వేలు పట్టుకుంటారు, టీచర్ కళ్ళు ఇంతింతవుతాయి, బెంచీ మీద చరిచి, 'పెద్ద బేరం' అని క్లాసంతా అదిరేలా అరుస్తుంది. ఆ పిల్లనో పిల్లవాణ్ణో దగ్గరికి లాక్కుని చెవిలో ఏదో చెబుతుంది. బేరంలో ముందిచ్చే సొమ్ములాగ, దాన్ని బయానా అంటుంది. మర్నాడు 'తోలుకొచ్చీసినావా' అని అడుగుతుంది. తోలుకురావాల్సింది ఎద్దునో దూడనో కాదు, ఆ చెవిలో చెప్పిన లెక్కని.

తువ్వాలు కింద జరిగింది బయట చెప్పకూడదన్నది సంత నియమం. పిల్లలు దాన్ని ఒట్టులా పాటించారు. అందుకని పెద్ద బేరం ఎందుకు తగులుతుందో ఎవరికీ తెలీదు. లెక్కని బోర్డు మీద పూర్తిగా రాయకముందే జవాబు పట్టేసినవాడికి తగులుతుందని ఒకరన్నారు. టీచర్‌కి కూడా తెలియని పద్ధతిలో చేసినవాడికని ఇంకొకరన్నారు. క్లాసు ఫస్టు వినోద్‌కి ఓ నెలలో చాలాసార్లు తగిలింది కాబట్టి, అది మహా తెలివితేటలకి సంబంధించిన వ్యవహారమేనని అందరూ తేల్చేశారు.

ఆవిడ ఈ అలవాటుని స్కూలు గేటు దగ్గర వదిలేసి ఇంటికెళ్ళే రకం కూడా కాదు. హెడ్మాస్టరు గారి తమ్ముడి పెళ్ళి భోజనాల్లో, సాంబారు ఇంకాస్త వెయ్యమంటారా అని అడిగిన కుర్రాడి ముందు తువ్వాలు చాపింది. వాడు ఒక చేత్తో బకెట్టు, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని, ఏ చెయ్యి ఖాళీ చెయ్యాలో తెలీక బంతి చివరిదాకా వెళ్ళిపోయి మళ్ళీ ఇటు రాలేదు. ఆవిడ ఆ పూట అన్నం మజ్జిగతోనే ముగించింది.

తల్లిదండ్రుల సమావేశం రోజు జరిగింది ఇంకా ఘోరం. గౌరి తల్లి లక్ష్మణమ్మ భావనపాడు ఒడ్డున చేపలు పాటలో కొని ఊళ్ళమ్మట అమ్ముతుంది. సముద్రం దగ్గర వేలంపాటంటే అరవడమే. అక్కడ అందరికంటే పెద్ద గొంతు ఆవిడదే. మీ గుంట ఇంటి దగ్గర రోజూ ఎన్ని గంటలు చదువుతాదని గున్నమ్మ టీచర్ అడిగి తువ్వాలు చాపింది. లక్ష్మణమ్మ ప్రశ్న సరిగ్గా వినలేదు. టీచరమ్మ చేపల ధర అడుగుతోందనుకుంది. ఐదు వేళ్ళూ గుప్పిట పట్టేసి, అంతకి తక్కువైతే వంజరం చేప రాదని స్కూలంతా వినబడేలా చెప్పింది. గున్నమ్మ టీచర్‌కి ఆ రెండో ముక్క అక్కర్లేదు. నోటితో చెప్పింది ఆవిడ వినదు కదా. ఐదు గంటలు చదువుతోందని గౌరిని అందరి ముందూ మెచ్చుకుంది. గౌరి తల దించుకుని నిలబడింది. ఆ అబద్ధం మొయ్యలేక ఆ వారమంతా రోజూ కాసేపు నిజంగానే పుస్తకం తీసింది.

గౌరి ఎప్పుడూ తల దించుకునే నిలబడేది. దానికో కథ ఉంది. ఎనిమిదో తరగతిలో, గున్నమ్మ టీచర్ రాకముందు, లెక్కల సారొకాయన గౌరిని లేపి, 'పై విలువ ఎంత?' అని అడిగారు. గౌరి బోర్డు పైకి చూసింది, అక్కడేమీ లేదు. క్లాసు కప్పు వైపు చూసింది, అక్కడ ఫ్యాను తప్ప ఏమీ లేదు. చివరికి ఎంతో మర్యాదగా, 'దేనిపై సార్?' అంది.

క్లాసు బెంచీల మీద పడి దొర్లింది. సారు కూడా నవ్వారు. ఆ రోజునుంచి ఆ పిల్ల పేరు 'దేనిపై గౌరి' అయిపోయింది. నీళ్ళ కుళాయి దగ్గర, కబడ్డీ ఆటలో, భోజనాల వరసలో, ఎక్కడ కనబడినా ఎవరో ఒకరు 'దేనిపై' అని దీర్ఘం తీసేవాళ్ళు. గౌరి ఆ తర్వాత లెక్కల క్లాసులో నోరు విప్పలేదు. అలాగే పదో తరగతిలోకి వచ్చేసింది. లెక్కల్లో తప్పితే పిన్నితో పాటు రొయ్యల కంపెనీకి పంపిస్తానని తల్లి ముందే చెప్పేసింది. అది కోపంతో చెప్పిన మాట కాదు. ఉన్న దారి అదొక్కటేనని చెప్పింది, అంతే. గౌరికేమో శ్రీకాకుళం వెళ్ళి ఇంటర్ చదవాలని ఉంది. కాలేజీ పిల్లలతో కిక్కిరిసి పోయే బస్సు రోజూ తన ముందునుంచే వెళ్తుంటే, అందులో నిలబడటానికైనా చోటు దొరికితే చాలనుకునేది.

అలాంటి గౌరి ముందుకి ఒకరోజు తువ్వాలు వచ్చింది. బోర్డు మీద వృత్తం లెక్క. నాలుగు జవాబుల్లో ఏదీ గౌరికి అర్థం కాలేదు. భయం భయంగా చెయ్యి లోపల పెట్టి బొటనవేలు పట్టుకుంది. ఇప్పుడిక అందరూ నవ్వుతారని కళ్ళు మూసుకుంది.

బెంచీ దద్దరిల్లింది. 'పెద్ద బేరం' అంది గున్నమ్మ టీచర్.

క్లాసు క్లాసంతా వెనక్కి తిరిగి గౌరిని చూసింది. వినోద్ కూడా చూశాడు. టీచర్ వంగి చెవిలో బయానా చెప్పింది. "మీ అమ్మ గంప ఉన్నాది కదే. దాని మూతికి ఒక్క సుట్టు తాడు సుట్టు. ఆ తాడు తీసి గంప మూతికి అడ్డంగా పరిసి సూడు. ఎన్నిసార్లు పడతాదో రేపు తోలుకురా."

సాయంత్రం చేపలమ్మి తిరిగొచ్చిన గంప ఇంకా తడి ఆరలేదు. గౌరి తాడు చుట్టింది, తీసింది, పరిచింది. మూడుసార్లు పడి ఇంకాస్త మిగిలింది. పక్కింటి దాలమ్మ గంప ఇంకా పెద్దది, అది కూడా తెచ్చి చూసింది. మళ్ళీ మూడుసార్లు పడి కాస్త మిగిలింది. చివరికి గిన్నె మూతా, అన్నం తినే కంచం కూడా వదల్లేదు. చిన్నదైనా పెద్దదైనా, ఇత్తడిదైనా వెదురుదైనా అదే మూడూ, అదే కాస్తానూ. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగి అంత పెద్ద నీళ్ళని చూసి ఎప్పుడూ ఆశ్చర్యపోని పిల్ల, తాడుముక్క పట్టుకుని నోరు తెరిచేసింది. లోకంలో గుండ్రంగా ఉన్నవన్నీ ఎప్పుడు కూడబలుక్కున్నాయా అనిపించింది.

మర్నాడు తువ్వాలు కింద మూడు వేళ్ళు పట్టుకుని, నాలుగోదాని కొస మాత్రం తాకితే టీచర్ తల పంకించింది. "అదేనే పై. నువ్వు దేనిపై అని అడిగినావట గదా, ఎవులూ సెప్పలేదేటి? అడ్డకొలతపై సుట్టుకొలత. సరిగ్గానే అడిగినావు."

రెండేళ్ళుగా గౌరి గుండెలో గుచ్చుకున్న ముల్లు ఆ ఒక్క మాటతో ఊడి కింద పడింది.

ఆ తర్వాత గౌరికి పెద్ద బేరాలు వరసగా తగిలాయి. ఊరు ఆ పిల్ల పేరు మార్చేసింది. ఇప్పుడు దేనిపై గౌరి లేదు, 'పెద్ద బేరం గౌరి' ఉంది. రోజూ ఓ బయానా, మర్నాడు తోలుకురావడం, వారం చివర వాటినే మళ్ళీ పుస్తకం చూడకుండా చెయ్యడం. లెక్కలు ఒకదాని చెయ్యి ఇంకోటి పట్టుకుని వస్తున్నాయి. కానీ గౌరి లోపల ఓ భయం కూడా పెరిగింది. తను పట్టుకుంటున్నది బొటనవేలు. టీచర్ దాన్ని సరైన జవాబు వేలనుకుంటోంది. సుద్దముక్కలు పట్టి పట్టి ఆవిడ వేళ్ళు మొద్దుబారి ఉంటాయి, పాపం తెలీడం లేదు. పెద్ద బేరమంతా దొంగ బేరమేనని గౌరి నిర్ణయానికి వచ్చేసింది.

అదే రోజుల్లో మండల విద్యాశాఖాధికారి, అంటే ఎంఈఓ, గిరిబాబు గారు తనిఖీకి వచ్చారు. భారీ మనిషి, గొంతు అంతకంటే భారీ. క్లాసులోకి వస్తూనే ఓ పిల్లవాడి వైపు వేలు చూపించి, బోర్డు మీద లెక్కకి జవాబు చెప్పమని గద్దించారు. వాడు లేచి నిలబడి బెంచీ అంచు పట్టుకున్నాడు. గున్నమ్మ టీచర్ మధ్యలోకి వచ్చి, ఈ క్లాసులో నోళ్ళు పనిచెయ్యవని, ముందు తమరే దయచెయ్యాలని ఆయన ముందు తువ్వాలు చాపింది. హెడ్మాస్టరు గారు దేవుణ్ణి తలుచుకున్నారు.

ఎంఈఓ గారు నవ్వుతూనే చెయ్యి లోపల పెట్టారు. బోర్డు వైపు చూశారు. నవ్వు కాస్త తగ్గింది. మళ్ళీ చూశారు. నుదుటి మీద చెమట పట్టింది. చివరికి ఏదో వేలు పట్టుకున్నారు.

'పెద్ద బేరం' అంది గున్నమ్మ టీచర్, ఎప్పుడూ లేనంత గట్టిగా.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎంఈఓ అంటే ఆమాత్రం ఉండదా అని అబ్బురపడిపోయారు. టీచర్ ఆయన చెవిలో కూడా బయానా చెప్పింది. ఆయన ఆ తువ్వాలుతోనే మొహం తుడుచుకుని, నిలబడ్డ పిల్లవాడి భుజం తట్టి కూర్చోమని, ఇంకెవర్నీ ఏమీ అడక్కుండా వెళ్ళిపోయారు. ఆ రోజునుంచి మండలంలో ఆయన గొంతు కాస్త తగ్గిందని చెప్పుకున్నారు.

ప్రీ ఫైనల్ పరీక్షలు దగ్గరపడ్డాయి. అందులో తువ్వాలు ఉండదు, ప్రశ్నాపత్రమే ఉంటుంది. దొంగ బేరం బయటపడుతుందని గౌరికి నిద్ర పట్టలేదు. పెద్ద బేరం గౌరి తప్పిందని తెలిస్తే ఈసారి ఇంకెంత నవ్వుతారో అనుకుంది. స్కూలు మానేసి తల్లితో పాటు ఒడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. కంపెనీకి ఎటూ వెళ్ళాల్సిందే, ఇప్పట్నించే అలవాటవుతుందనుకుంది.

గున్నమ్మ టీచర్ ఒడ్డుకే వచ్చింది. ఇసకలో చెప్పులు చేత్తో పట్టుకుని, భుజం మీద తువ్వాలుతో, ఎండలో నడుచుకుంటూ వచ్చింది. పడవలు అప్పుడే చేరాయి. పాట మంచి జోరు మీదుంది. లక్ష్మణమ్మ అరుస్తూనే ఆవిణ్ణి చూసి, టీచరమ్మ మళ్ళీ వంజరానికే వచ్చిందనుకుని ఐదు వేళ్ళు చూపించింది. టీచర్ తల అడ్డంగా ఊపి, గౌరిని పడవ నీడలోకి తీసుకెళ్ళి తువ్వాలు చాపింది. బడికి ఎందుకు రావడం లేదని అడిగింది.

గౌరి చెయ్యి పెట్టలేదు. చాలా రోజుల తర్వాత నోటితో జవాబు చెప్పింది. "నాను పట్టుకున్నది బొటనేలు టీచర్. అన్నిసార్లూ అదే. మీరే ఇంకో ఏలనుకున్నారు. నాకేటీ రాదు."

ఈసారి టీచర్ కిటికీలోంచి చూడలేదు, అక్కడ కిటికీ లేదు కదా. గౌరినే చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది.

"బొటనేలికీ ఇంకో ఏలికీ తేడా తెల్దేటే నాకు? మా అయ్య ఎద్దు పళ్ళు సూసి వయసు సెప్పీవోడు. నాను ఏలు పట్టుకుంటే మనిషి భయం సెప్తాను." ఇసకలో కూర్చుని, గౌరిని కూడా కూర్చోబెట్టి అంది. "సంతలో ఎవులైనా నాకు ఎద్దు గురించి తెల్దయ్యా అని ఒప్పుకుంటే మా అయ్య ఆడిని మోసం సేసీవోడు కాడు. పక్కన కూకోబెట్టి కొమ్మూ గిట్టా అన్నీ సూపించీవోడు. తెల్దన్నోడే పెద్ద బేరం అనీవోడు. నాను పెద్ద బేరం అన్నది బొటనేలికేనే గుంటా. ఇంకో ఏలికి ఎప్పుడూ అన్లేదు."

గౌరికి ఆ మాట అర్థం కావడానికి ఓ కెరటం వచ్చి వెళ్ళేంతసేపు పట్టింది. ఇంకో ఏలికి ఎప్పుడూ అన్లేదు. అయితే వినోద్? నెలలో అన్నిసార్లు? ముందు బెంచీ దేవికి తగిలినవి? చప్పట్లు కొట్టించుకున్న...

"టీచర్, మరి ఎంఈఓ గారు?"

గున్నమ్మ టీచర్ కిటికీ లేకపోయినా సముద్రం వైపు తిరిగింది. ఎవరో ఎక్కడో దగ్గినట్టు కూర్చుంది. తువ్వాలు కింద జరిగింది ఆవిడ చెప్పదు. గౌరి ఇసకలో పడి దొర్లి దొర్లి నవ్వింది. నవ్వు ఆగాక ఆవిణ్ణి చూస్తూ ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఎంతమంది భయాలు ఈ గుడ్డ కింద దాక్కున్నాయో. ఎవరి తప్పునీ ఎవరూ చూడకుండా, తెలియదన్న ప్రతివాణ్ణీ రాజుని చేసి, చెవిలో దారి చెప్పి పంపించింది. పిచ్చి అలవాటని ఊరంతా నవ్వుకుంటుంటే ఈవిడ కూడా వాళ్ళతో పాటే నవ్వింది తప్ప ఎవరికీ ఏమీ చెప్పలేదు. తువ్వాలు చూస్తే జానెడు. గౌరికి అది సముద్రమంత కనబడింది.

మర్నాడు గౌరి బడికి వెళ్ళింది. బొటనవేలు పట్టుకోవడం అప్పుడప్పుడూ తప్పలేదు గానీ, కళ్ళు మూసుకోవడం మానేసింది. ప్రీ ఫైనల్లో అంచు మీద గట్టెక్కింది.

పబ్లిక్ పరీక్షల్లో లెక్కల రోజు వచ్చింది. పరీక్ష కేంద్రం గేటు ముందు పిల్లలందరూ హాల్ టికెట్లు పట్టుకుని బిక్కమొహాలతో నిలబడ్డారు. గున్నమ్మ టీచర్ కూడా వచ్చింది. గౌరి ఆవిడ భుజం మీద తువ్వాలు చటుక్కున లాగి తన చేతి మీద కప్పుకుంది. చెయ్యి టీచర్ ముందు చాపింది.

"నాను పాసవుతానా టీచర్?"

గున్నమ్మ టీచర్‌ని తువ్వాలు కింద ప్రశ్న అడిగినవాళ్ళు అంతవరకు లేరు. ఈసారి ఆవిడ చెయ్యి లోపల పెట్టింది. గౌరి చేతి బొటనవేలుని గట్టిగా పట్టుకుంది.

"పెద్ద బేరం" అని గేటు అదిరేలా అరిచింది గౌరి. తల్లి గొంతు ఎక్కడికి పోతుంది.

అందరూ అటు తిరిగారు. టీచర్ మొహం చూశారు, ఆవిడ వేళ్ళు ఎక్కడ బిగిశాయో తువ్వాలు మీదనుంచే తెలుస్తోంది. ముందు వినోద్ పకాలున నవ్వాడు. తర్వాత దేవి. తర్వాత ఒకళ్ళని చూసి ఒకళ్ళు, నువ్వు కూడానా అంటే నువ్వు కూడానా అని వేళ్ళు చూపించుకుంటూ క్లాసు క్లాసంతా నవ్వింది. ఏడాదంతా ఎవరికి వాళ్ళు తామొక్కరే దొంగ బేరగాళ్ళమని అనుకున్నవాళ్ళే అందరూ. భయం ఎటు పోయిందో తెలీదు. ఆ నవ్వుతోనే లోపలికి వెళ్ళారు. పరీక్ష పర్యవేక్షణకి వచ్చి గేటు పక్కనే నిలబడ్డ ఎంఈఓ గారు మాత్రం కుడిచెయ్యి మెల్లగా ప్యాంటు జేబులో దాచుకున్నారు.

గౌరి పాసయింది. లెక్కల్లో కూడా. ఆ కిక్కిరిసిన బస్సులో ఇప్పుడు రోజూ నిలబడి శ్రీకాకుళం వెళ్తోంది. కాలేజీలో మొదటి వారం లెక్చరరు గారు పాఠం ముగించి, ఎవరికైనా అర్థం కానిది ఉందా అని అడిగారు. పెద్ద క్లాసు, కొత్త మొహాలు, ఎవరూ కదల్లేదు. చివరి బెంచీలోంచి ఒక్క బొటనవేలు పైకి లేచింది.

లెక్చరరు గారు కళ్ళజోడు సవరించుకుని ఆ వేలు వైపు చూశారు. "నీ సందేహం దేనిపై అమ్మా?" అన్నారు.

గౌరికి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.